వెనక స్టూలు మీద నలభై నాలుగేళ్ళు

కిందటి నెలలో ఒక రాత్రి మా చెల్లెలి కూతురు ఫోను చేసి ఏడ్చింది. కొడుకు ఇంజనీరింగు మూడో ఏడు మధ్యలో వదిలేసి, బెంగుళూరులో ఏదో రాక్ బ్యాండులో డ్రమ్స్ వాయిస్తానంటున్నాడట. "మావయ్యా, నువ్వు చెబితే వింటాడు" అంది. పది నిమిషాలు తిరక్కుండా వాడే ఫోను చేశాడు. "తాతయ్యా, నువ్వు చెబితే అమ్మ వింటుంది" అన్నాడు. ఇద్దరికీ సరేనన్నాను. ఫోను పెట్టేశాక తెలిసింది, ఎవరికి ఏం చెప్పాలో నాకే తెలియదని. అందుకే ఈ కాగితాలు.

బిట్రగుంటలో పుట్టి, మద్రాసులో వాయించి, నెల్లూరు చేరి కూర్చున్నవాణ్ణి. 1969 నుంచి 2013 దాకా స్టూలు దిగలేదు. హోటళ్ళలో, కాలేజీ ఉత్సవాల్లో, సినిమా రికార్డింగుల్లో, చర్చిల్లో, పెళ్ళి రిసెప్షన్లలో వాయించాను. మధ్యలో తొమ్మిదేళ్ళు అచ్చమైన రాక్ బ్యాండు ఒకటి నడిపాం. దాని పేరు చెబితే మా వీధివాళ్ళకే తెలియదు. అందుకని నా సంగతుల పక్కన పెద్దవాళ్ళ బతుకులు కూడా పెట్టి చెబుతాను. నేను ఆగిపోయిన చోటు, వాళ్ళు పడిపోయిన చోటు, రెండూ వాడికి పనికొస్తాయి. వరుస నాకు గుర్తొచ్చిన వరుసే.

1. డ్రమ్స్ కొనకముందే తెలిసిపోతుంది

బొగ్గింజన్ల కాలంలో బిట్రగుంట పెద్ద రైల్వే ఊరు. లోకో షెడ్డు, ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు, రైల్వే ఇన్‌స్టిట్యూట్, అందులో డాన్సులు. రైలు చప్పుడులో లయ నేర్చుకున్నానని రాస్తే చదవడానికి బాగుంటుంది గానీ, అబద్ధం. మా నాన్న షెడ్డులో ఫిట్టరు. ఇంట్లో ఇంజను మాటెత్తితే అన్నం ముందు నుంచి లేచిపోయేవాడు. నేను నేర్చుకున్నది ఇన్‌స్టిట్యూట్ కిటికీ ఊచలు పట్టుకుని, క్రిస్మస్ డాన్సు రాత్రి. అందరూ డాన్సు చేసే అమ్మాయిల్ని చూస్తుంటే నేను మూల కూర్చుని వాయించే అంకుల్ కాలిని చూశాను. పగలు ఆయన గూడ్సు బండి గార్డు. పైన చేతులు ఏం చేస్తున్నా కింద ఆ కాలు తనపాటికి తాను పోతోంది. మర్నాడు కొబ్బరి చీపురు విప్పి రెండు కట్టలు చేసి, డాల్డా డబ్బా బోర్లించి మొదలుపెట్టాను. మా అమ్మ మిగతా చీపురుతో నా వీపు మీద మొదలుపెట్టింది.

చాలా ఏళ్ళకు రోలింగ్ స్టోన్స్ డ్రమ్మర్ చార్లీ వాట్స్ గురించి చదివి నవ్వుకున్నాను. లండన్‌లో ఒక లారీ డ్రైవరు కొడుకు. చిన్నప్పుడు బాంజో కొనుక్కుని, దాని మెడ ఊడబీకి, తోలు బిగించిన బుర్రను స్టాండు మీద పెట్టి బ్రష్షులతో వాయించాడట. బీటిల్స్ రింగో స్టార్ కథ ఇంకా కష్టం. లివర్‌పూల్ పేద పేట పిల్లవాడు. ఆరో ఏట అపెండిక్స్ పగిలి చావు దాకా వెళ్ళాడు. పదమూడో ఏట క్షయ వచ్చి రెండేళ్ళు శానిటోరియంలో పడి ఉన్నాడు. పిల్లలకు పొద్దుపోవడానికి అక్కడ ఒక బ్యాండు పెడితే, మంచం పక్కన ఉన్న బీరువానే డ్రమ్ము చేసుకున్నాడు.

మా వాడికి వాళ్ళ నాన్న అరవై వేలు పోసి కిట్టు కొనిచ్చాడని విన్నాను. తప్పు లేదు. కానీ వాణ్ణి నేను అడిగేది ఒకటే: రోజూ పావుగంట దిండు మీద వాయిస్తున్నావా? కుడి ఎడమ కుడి కుడి, ఎడమ కుడి ఎడమ ఎడమ. దిండు మీద కర్ర తనంతట తాను లేవదు, మణికట్టే లేపాలి. చప్పుడు రాదు, ఎవరూ చూడరు, మెచ్చుకోరు. ఆ పావుగంట విసుగు లేకుండా గడిస్తే అప్పుడు మాట్లాడదాం.

2. పాట వినబడాలి

బిట్రగుంట అంకుల్‌నే కాళ్ళావేళ్ళా పడి గురువుని చేసుకున్నాను. ఆరు నెలల తర్వాత ఒక పాటకు నన్ను కూర్చోబెట్టారు. నాకు వచ్చినవన్నీ అందులో దించేశాను. ప్రతి నాలుగు బార్లకు ఒక రోల్, ప్రతి రోల్ చివర క్రాష్ సింబల్. అయిపోయాక ఆయన సిగరెట్టు ఆర్పి, "నువ్వు బాగా వినబడ్డావ్. పాడిన అమ్మాయి ఎవరు?" అన్నారు. అంతకు మించి తిట్టలేదు. ఈ వయసులోనూ ఆ మాట తలచుకుంటే చెవులు వేడెక్కుతాయి.

2003 ఏప్రిల్‌లో రోలింగ్ స్టోన్స్ మన దేశానికి వచ్చారు. మొదట బెంగుళూరు, తర్వాత ముంబయి. బెంగుళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌కు నెల్లూరు నుంచి బస్సెక్కి వెళ్ళాను. నాకప్పుడు యాభై రెండు. వాన దంచికొట్టింది. చుట్టూ కుర్రాళ్ళు బురదలో గెంతుతుంటే నేను ఒక ప్లాస్టిక్ సంచీ నెత్తిన పెట్టుకుని, స్టేజి మీద పరుగెత్తే మిక్ జాగర్‌ను వదిలేసి, వెనకాయన కుడి చేతినే చూస్తూ నిలబడ్డాను.

ఆ చేతి గురించి చెప్పాలి. మామూలు రాక్ బీటులో కుడి చెయ్యి హైహ్యాట్ అనే జంట సింబల్స్ మీద ఎనిమిది దెబ్బలు ఆపకుండా వేస్తుంది. రెండో మాత్ర మీద, నాలుగో మాత్ర మీద ఎడమ చెయ్యి స్నేర్ కొడుతుంది. అంటే స్నేర్ పడ్డప్పుడల్లా హైహ్యాట్ కూడా పడుతుంది. వాట్స్ అలా చేయడు. స్నేర్ పడే క్షణానికి కుడి చెయ్యి లేపేస్తాడు. హైహ్యాట్ నోరు మూసుకుంటుంది, స్నేర్ ఒక్కటే పడుతుంది, ఖాళీ గదిలో తలుపు పడ్డట్టు. మానేసిన ఆ ఒక్క దెబ్బతో బీటు కాస్త వెనక్కి వాలినట్టు, నడుము ఊపుతూ నడిచినట్టు ఉంటుంది. నేను ఇంటికొచ్చి మూడు నెలలు సాధన చేశాను. చెయ్యి లేపడం వచ్చింది, ఆ వాలు మాత్రం రాలేదు.

ఆయన ముందున్నవి నాలుగంటే నాలుగు డ్రమ్ములు. బేస్ డ్రమ్ము, స్నేర్, పైన ఒక టామ్, కింద ఒక టామ్. 1957 నాటి గ్రెట్ష్ కిట్టు. లక్ష మంది వచ్చే మైదానంలోనూ అదే. మా రోజుల్లో మద్రాసులో ఒక డ్రమ్మరుండేవాడు, చుట్టూ పదకొండు డ్రమ్ములు పెట్టుకుని మధ్యలో దూరేవాడు. మూత్రానికి వెళ్ళాలంటే ఇద్దరు వచ్చి దారి చెయ్యాలి.

జాజ్ వాట్స్ ప్రాణం. రాక్ అన్నం పెట్టింది. 1963 జనవరిలో స్టోన్స్‌లో చేరేనాటికి ప్రకటనల కంపెనీలో బొమ్మలు గీసే ఉద్యోగం కూడా ఉంది. తను ప్రాణం పెట్టింది ఒకటి, తన పేరు నిలబెట్టింది మరొకటి. దాని మీద ఆయన ఎన్నడూ ఏడ్చుకున్నట్టు కనబడదు. వాయించే రాక్‌లోకే జాజ్ చేతిని తెచ్చుకున్నాడు. నేను మాత్రం సినిమా పాటలకు వాయిస్తూ పదేళ్ళు మొహం మాడ్చుకున్నాను. ఆ పదేళ్ళ రికార్డింగులు ఇప్పుడు వింటే మాడిన మొహమే వినబడుతుంది.

3. నిన్ను తీసేస్తారు, కారణం చెప్పరు

ఇది వాడు రాసిపెట్టుకోవాలి. గాయకుణ్ణి మార్చాలంటే బ్యాండు పది రోజులు కొట్టుకుంటుంది. డ్రమ్మర్ని మార్చడం ఒక పూట పని.

1962 ఆగస్టులో బీటిల్స్ వాళ్ళ డ్రమ్మర్ పీట్ బెస్ట్‌ను తీసేశారు. రెండేళ్ళు వాళ్ళతో ఉండి, హాంబర్గ్ సారా కొట్లలో రాత్రంతా వాయించినవాడు. తీసేసే మాట మేనేజరు చేత చెప్పించారు, మిగతా ముగ్గురూ మొహం చూపించలేదు. కొన్నాళ్ళకే వాళ్ళు ప్రపంచాన్ని ఊపేశారు. అతను మరికొన్నాళ్ళు వాయించి, తర్వాత లివర్‌పూల్‌లో ప్రభుత్వ ఉపాధి కార్యాలయంలో గుమస్తాగా చేరి ఇరవై ఏళ్ళు చేశాడు. ఉద్యోగం పోయినవాళ్ళకు ఉద్యోగాలు వెతికిపెట్టే చోట ఆ మనిషి కూర్చోవడం, ఎవరైనా కథ రాస్తే ఎబ్బెట్టుగా ఉందనేవాళ్ళం. 1995లో బీటిల్స్ పాత రికార్డింగులు ఆంథాలజీగా వచ్చినప్పుడు అందులో అతను వాయించిన పాటలు పది దాకా ఉన్నాయి. అప్పుడు చేతికి కాస్త డబ్బొచ్చింది.

సరే, అతని స్టూలెక్కిన రింగో సుఖపడ్డాడా? మూడు వారాలు తిరిగాయో లేదో, మొదటి రికార్డు 'లవ్ మీ డూ' చెయ్యడానికి స్టూడియోకు వెళితే, నిర్మాత మరో డ్రమ్మర్ని కూలికి పిలిపించి కూర్చోబెట్టాడు. రింగో చేతికి టాంబురిన్ ఇచ్చారు. దాన్ని పట్టుకుని పక్కన నిలబడ్డాడు. నాకు రింగో మీద గౌరవం ఆ టాంబురిన్ దగ్గర మొదలైంది. విసిరికొట్టి వెళ్ళిపోయి ఉంటే ఈ కథ లేదు.

నాకూ ఒక టాంబురిన్ పూట ఉంది. మద్రాసులో ఒక తెలుగు సినిమా పాటకు రెండు రోజులు రిహార్సల్ వాయించాను. మూడో రోజు పొద్దున వెళ్ళేసరికి నా స్టూలు మీద ఎవరిదో సంచీ ఉంది. సంగీత దర్శకుడు నా వైపు చూడలేదు. చివరికి టీ తెచ్చే కుర్రాడు దగ్గరికొచ్చి, "అన్నా, మీకివాళ లేదంట" అన్నాడు. వడపళనిలో ఒక టీ బంకు దగ్గర సాయంత్రం దాకా కూర్చున్నాను. ఎవరి చెయ్యి నరకాలా అని ఆలోచించాను. నాలుగు నెలలకు ఆ పాట రేడియోలో వచ్చింది. ఆ సంచీ ఆసామి నాకన్నా బాగా వాయించాడు. బీటు మధ్యలో ఎక్కడ ఊపిరి వదలాలో తెలిసినవాడు. దర్శకుడు చేసింది సరైన పనే, చేసిన పద్ధతే దొంగపద్ధతి. ఈ రెండూ విడివిడిగా చూడటానికి నాకు పదిహేనేళ్ళు పట్టింది.

రింగోది ఇంకొక్కటి. 1968 ఆగస్టులో, తన వాయిద్యం బాగుండటం లేదనీ, మిగతా ముగ్గురూ ఒకటై తనొక్కడే బయటివాడయ్యాడనీ అనిపించి బ్యాండు వదిలి వెళ్ళిపోయాడు. రెండు వారాలకు తిరిగి వస్తే స్టూడియోలో డ్రమ్ముల నిండా పూలు కప్పి ఉన్నాయి. నన్నెవరూ పూలతో పిలవలేదు. అయినా ఆ సంగతి చదివినప్పుడు నా కళ్ళు తడిశాయి, ఎందుకు దాచడం.

అదే ఏడు మొదట్లో వాళ్ళు రిషీకేశం వచ్చారు కదా. రింగో పది రోజుల్లో వెనక్కి వెళ్ళిపోయాడు. మన కారాలు పడక, ఉడికించిన బీన్సు డబ్బాలు పెట్టె నిండా వెంట తెచ్చుకున్నాడట. చిన్నప్పుడు పొట్ట చీరిన మనిషి, తప్పుపట్టకూడదు.

4. చెవులు రెండే

ఇది చిన్న పాఠం, కానీ ముందు చెప్పవలసింది. 85 డెసిబెల్స్ చప్పుడులో ఎనిమిది గంటలుండొచ్చునంటారు. మూడు డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా ఆ వేళ సగమవుతుంది. 100 దగ్గరికొచ్చేసరికి పావుగంట మిగులుతుంది. గట్టిగా కొట్టిన స్నేర్ అంతకన్నా పైనే, అదీ నీ చెవికి రెండడుగుల్లో. మా కాలంలో చెవిలో దూది పెట్టుకుంటే ఆడంగి అనేవాళ్ళు. 1988 నుంచి నా ఎడమ చెవిలో కీచురాయి ఒకటి కూస్తోంది. మా ఆవిడ పక్కన కూర్చుని మాట్లాడితే నేను పెదాలు చదువుతాను. పళ్ళ డాక్టరు దగ్గర అచ్చు తీసినట్టు చెవికి అచ్చు తీసి చేసే ప్లగ్గులు ఇప్పుడు దొరుకుతున్నాయి. కొత్త సింబల్ కన్నా ముందు అవి కొను.

5. స్టూలు ఎత్తు

మోకాలు తుంటి కంటే కాస్త కిందికి ఉండాలి. అంతే. నా నడుము ఎక్స్‌రే చూడాలనుంటే బీరువాలో ఉంది.

6. సీసా ఖాళీ వేళల్లో వస్తుంది

కీత్ మూన్ 1978 సెప్టెంబరు 7న పోయాడు. జాన్ బోనమ్ 1980 సెప్టెంబరు 25న పోయాడు. ఒకరు ది హూ డ్రమ్మర్, ఒకరు లెడ్ జెప్పెలిన్ డ్రమ్మర్. ఇద్దరికీ ముప్ఫై రెండేళ్ళే. మూన్ మింగినవి తాగుడు మాన్పించడానికి ఇచ్చిన మాత్రలు. బోనమ్ కొత్త టూరు రిహార్సల్ రోజున పొద్దున మొదలుపెట్టి రాత్రి దాకా వోడ్కా తాగుతూ, పడుకుని లేవలేదు. ఆ డిసెంబరులో జెప్పెలిన్ బ్యాండునే మూసేశారు, ఆ స్టూలు మీద ఇంకొకరిని ఊహించుకోలేక.

బోనమ్ చెయ్యి ఎంతటిదో తెలియాలంటే 'వెన్ ది లెవీ బ్రేక్స్' వినాలి. హెడ్లీ గ్రేంజ్ అనే పాత బంగళాలో, మెట్ల కింద హాల్లో డ్రమ్స్ పెట్టి, మైకులు పై అంతస్తు నుంచి వేలాడదీసి రికార్డు చేశారు. ఇల్లే మోగుతుంది. నాన్నతో తాపీపని, వడ్రంగం చేసిన చేతులవి. ఆ చేతుల్ని ముప్ఫై రెండేళ్ళకే పోగొట్టుకున్నాం.

మూన్ సంగతి నవ్వుతూ మొదలై నవ్వలేని చోట ఆగుతుంది. 1973లో కాలిఫోర్నియాలో కచేరీ మధ్య మత్తులో కిట్టు మీదే వాలిపోయాడు. లేపి కూర్చోబెడితే మళ్ళీ పడ్డాడు. "ఎవరికైనా డ్రమ్స్ వచ్చా?" అని స్టేజి మీంచి అడిగితే, జనంలోంచి పంతొమ్మిదేళ్ళ కుర్రాడొకడు ఎక్కి మిగతా పాటలు వాయించాడు. ఈ కథను కుర్రవాళ్ళందరూ ఆ ఎక్కినవాడి వైపు నుంచి చెప్పుకుంటారు. నేను ఆ రాత్రి స్టేజి వెనక మోసుకుపోయినవాడి వైపు నుంచి ఆలోచిస్తాను.

తాగొద్దని చెప్పే తాతయ్యలు ఊరినిండా ఉన్నారు. వాళ్ళు చెప్పనిది నేను చెబుతాను. తాగుడు ఎక్కువగా కచేరీలో పట్టుకోదు, కచేరీకీ కచేరీకీ మధ్య పట్టుకుంటుంది. స్టోన్స్‌కు పాతికేళ్ళు నిండినప్పుడు వాట్స్‌ను అడిగితే, అందులో పని చేసింది ఐదేళ్ళు, ఇరవై ఏళ్ళు ఊరికే కూర్చున్నామన్నాడు. అందరూ నవ్వారు. అది మా వృత్తిలోని అసలు లెక్క. మధ్యాహ్నం రెండింటికి సౌండ్‌చెక్. డ్రమ్స్‌తో మొదలుపెడతారు గనుక అందరికన్నా ముందు నువ్వే రావాలి. నీది అరగంటలో అయిపోతుంది. ప్రోగ్రాం రాత్రి తొమ్మిదికి. ఆ ఆరున్నర గంటలు ఏం చేస్తావన్నదే నీ జీవితం.

మా బేస్ గిటారు వాయించినవాడు ఆ ఆరున్నర గంటలూ తాగాడు. నాకన్నా తెలివైనవాడు, చదువుకున్నవాడు. ముప్ఫై ఎనిమిదికి పోయాడు. వాడి తల్లి నన్ను చూసి, "నువ్వు పక్కనే ఉన్నావు గదయ్యా" అంది. నేను పక్కన ఉండి ఇడ్లీలు తింటున్నాను, నిజమే.

వాట్స్ ఆ గంటల్ని ఎలా గడిపాడో చూడు. 1967 నుంచి టూర్లలో పడుకున్న ప్రతి హోటలు గదిలో మంచం బొమ్మ గీసుకున్నాడు. ఒక్కటీ మానలేదు. అదో పిచ్చి అనుకోవచ్చు. కానీ ఒక మనిషి హోటలు గదిలోకొచ్చి, తలుపేసుకుని, పుస్తకం తీసి ఆ మంచాన్నే గీస్తున్నంతసేపు చెయ్యి ఇంకో దానికి పోదు. అలాంటివాడు కూడా నలభై దాటాక, 1980ల మధ్యలో, మందుకూ మత్తుకూ లొంగాడు. తర్వాత తనే మానుకున్నాడు. 1964లో కట్టుకున్న భార్యతోనే 2021లో పోయేదాకా ఉన్నాడు. ఆ ప్రపంచంలో అదొక రికార్డే. మా వాడు కుట్లు నేర్చుకున్నా నాకు అభ్యంతరం లేదు, చేతికి ఏదో ఒక పని ఉండాలి.

7. కాగితం చదవకుండా సంతకం పెట్టకు

పాట హక్కంటే మాటలకూ వరసకూ. బీటు ఎంత గొప్పదైనా మామూలుగా దానికి హక్కు రాదు. పాట రాసినవాడికి ఏళ్ళ తరబడి డబ్బొస్తుంది, వాయించినవాడికి ఆ పూట కూలి వస్తుంది. సినిమా రికార్డింగుల్లో మాకు కాల్‌షీటు లెక్క. కవర్లో నోట్లు, పుస్తకంలో సంతకం, అయిపోయింది. మన దేశంలో 2012లో కాపీరైటు చట్టం సవరించాక రచయితలకూ స్వరకర్తలకూ రాయల్టీ కాస్త గట్టిపడింది. అప్పటికి నేను స్టూలు దిగడానికి ఏడాది ఉంది.

అయితే బ్యాండు వేరు. అక్కడ మీరే చట్టం రాసుకోవచ్చు. అమెరికాలో ఆర్.ఇ.ఎమ్. అనే బ్యాండు మొదట్నుంచీ నలుగురి పేర్లూ ప్రతి పాట కిందా వేసుకుంది, డబ్బు నలుగురికీ సమానం. వాళ్ళ పేరుమోసిన పాటల్లో ఒకటైన 'ఎవ్రీబడీ హర్ట్స్' చాలా మటుకు వాళ్ళ డ్రమ్మర్ బిల్ బెరీ చేసిందే. తమాషా ఏమిటంటే ఆ పాటలో వినిపించేది డ్రమ్ మెషీను. బెంగుళూరు వెళ్ళిన మొదటి వారంలోనే, ఇంకా పైసా రాకముందే, ఈ మాట కూర్చుని తేల్చుకోండి. డబ్బొచ్చాక ఎవరూ తేల్చరు. మా బ్యాండు విడిపోయింది ఒక పాట క్యాసెట్ మీద ఎవరి పేరు వెయ్యాలన్న దాని మీదే. ఆ క్యాసెట్టు అమ్ముడుపోయినవి నూట పాతిక.

8. మిగతా నలుగురు

డెఫ్ లెపర్డ్ అనే ఇంగ్లండు బ్యాండులో రిక్ అలెన్ పదిహేనో ఏట చేరాడు. 1984 డిసెంబరు 31న కారు ప్రమాదంలో ఎడమ చెయ్యి పోయింది. ఇరవై ఒక్క ఏళ్ళు. ఆస్పత్రిలో మంచం మీదుండగానే, ఎడమ చేతి దెబ్బల్ని ఎడమ కాలితో వెయ్యొచ్చని కనిపెట్టాడు. కాలి కింద పెడళ్ళున్న ఎలక్ట్రానిక్ కిట్టు ఒకటి చేయించుకుని, స్నేర్ దెబ్బను కాలికి దించాడు. అలవాటు లేని పని కాలికి నేర్పడమంటే ఏమిటో డ్రమ్మర్‌కే తెలుస్తుంది. కుడి చేత్తో సంతకం పెడుతూ కాలితో ముగ్గు వెయ్యడం లాంటిది. 1986 ఆగస్టులో డోనింగ్టన్ మైదానంలో జనం ముందు మళ్ళీ వాయించాడు. మరుసటి ఏడు వచ్చిన 'హిస్టీరియా' ఆల్బం రెండు కోట్లు దాటి అమ్ముడుపోయింది.

అతని ధైర్యం గురించి చాలామంది రాశారు. నేను ఆలోచించేది మిగతా నలుగురి గురించి. అప్పటికే పేరొచ్చిన బ్యాండు. పక్క వీధిలో రెండు చేతులున్న డ్రమ్మర్లు వరుస కట్టి ఉంటారు. వాళ్ళు పిలవలేదు. వాయించగలవో లేదో నువ్వే చెప్పు, అంతదాకా ఉంటామన్నట్టు ఆగారు. మూడో పాఠంలో నేను చెప్పిన లోకం ఇదే లోకం. అందుకే బ్యాండులో చేరేముందు వాళ్ళ పాటలు వినడం కన్నా, వాళ్ళతో ఒక వారం ప్రయాణం చెయ్యమంటాను. టైరు పంక్చరైనప్పుడు ఎవరు దిగుతారో, ఎవరు ఫోను చూసుకుంటారో చూడు.

9. నలభై దాటాక మళ్ళీ బడికి

కెనడాలో రష్ అనే బ్యాండు డ్రమ్మర్ నీల్ పీర్ట్‌ను ప్రపంచంలో డ్రమ్స్ పట్టిన ప్రతివాడూ దేవుడిలా చూసేవాడు. అలాంటి మనిషి నలభై దాటాక ఫ్రెడీ గ్రూబర్ అనే పాత జాజ్ గురువు దగ్గర చేరి, కర్ర పట్టుకోవడం దగ్గర్నుంచి మళ్ళీ నేర్చుకున్నాడు. తను గడియారంలా వాయిస్తున్నానని, నాట్యంలా వాయించాలని అనిపించిందట. తర్వాత 1997లో కూతురు కారు ప్రమాదంలో పోయింది, ఏడాది తిరక్కుండా భార్య క్యాన్సర్‌తో పోయింది. కర్రలు పక్కన పెట్టి మోటారు సైకిలెక్కి 88 వేల కిలోమీటర్లు తిరిగాడు. తిరిగి తిరిగి మళ్ళీ స్టూలు దగ్గరికే వచ్చాడు. 2020 జనవరిలో మెదడులో కణితితో పోయేనాటికి అరవై ఏడు.

నన్ను మళ్ళీ బడిలో వేసింది మాత్రం గురువు కాదు, డ్రమ్ మెషీను అనే ఒక డబ్బా. 1990ల మొదట్లో స్టూడియోల్లో కీబోర్డు ఆయనే రిథమ్ కూడా వేసేయడం మొదలైంది. వారానికి పది కాల్‌షీట్లున్నవాడికి నెలకు రెండు. ఒక ఏడాది ఆ డబ్బాను తిట్టాను. రెండో ఏడాది అప్పు చేసి ఒకటి కొన్నాను. దాన్ని తాళం కొట్టే క్లిక్‌గా పెట్టుకుని రోజూ దాంతో వాయిస్తే తెలిసింది, నేను పల్లవి నుంచి చరణంలోకి వెళ్ళేటప్పుడు ప్రతిసారీ తొందరపడుతున్నానని. ఇరవై ఏళ్ళలో ఒక్క మనిషి చెప్పలేదు. మనుషులు నాతోపాటే పరుగెత్తారు పాపం.

ఆ తర్వాత మా ఊరి దగ్గర ఒక డప్పు కుర్రాడి దగ్గర కూర్చుని దరువులు నేర్చుకున్నాను. వాడికి పద్దెనిమిది, నాకు నలభై ఆరు. కుడి చేతి లావు కర్ర, ఎడమ చేతి సన్న పుల్ల, రెండూ ఒకే తోలు మీద రెండు రకాల మాట మాట్లాడతాయి. నా స్నేర్ మీద ఎడమ చెయ్యి బాగుపడింది ఆ తర్వాతే. జాజ్ వాళ్ళు దయ్యపు దెబ్బలంటారు, వినీవినబడని చిన్న దెబ్బలు. మా కుర్రాడు వాటికి పేరే పెట్టలేదు, ఊరికే వేసేవాడు.

10. దిగడం

బిల్ బెరీ అన్నాను కదా, 1995 మార్చిలో స్విట్జర్లాండులో కచేరీ మధ్యలో అతనికి మెదడులో రక్తనాళం చిట్లింది. బతికాడు, మళ్ళీ వాయించాడు. 1997లో, బ్యాండు మంచి దశలో ఉండగా, చాలన్నాడు. నేను పోతే మీరు బ్యాండు మూసేస్తామంటే పోను, అని కూడా అన్నాడు. మూసెయ్యం అని వాళ్ళు చెప్పాకే వెళ్ళి జార్జియాలో పొలంలో గడ్డి పండించుకున్నాడు. ఎంత నెమ్మదైన మనిషి! నేను అలా దిగలేదు. 2013లో ఒక రిసెప్షన్‌లో రెండో పాటకే ఎడమ చేతి కర్ర జారి పెళ్ళికొడుకు బాబాయి కాలి మీద పడింది. మళ్ళీ తీసుకున్నాను, మళ్ళీ జారింది. మెడలో నరం నొక్కుకుంటోందన్నారు డాక్టరు.

జెనెసిస్ బ్యాండు ఫిల్ కాలిన్స్‌కూ మెడ దగ్గరే చెడింది. కొన్నాళ్ళు కర్రలు చేతికి టేపుతో కట్టుకుని వాయించాడు. చివరి టూరులో ఆయన ముందు కుర్చీలో కూర్చుని పాడుతుంటే వెనక స్టూలు మీద కొడుకు వాయించాడు. ఆ వీడియో నేను పూర్తిగా చూడలేదు, సగంలో కట్టేశాను.

మొన్న ఆదివారం మా వాడు వచ్చాడు. వెంట వాళ్ళమ్మ కూడా. మధ్య గదిలో నా పాత కిట్టు దులిపి పెట్టాను. ఈ కాగితాలు ఇంకా ఇవ్వలేదు. వాడు స్టూలు ఎక్కి ఎత్తు సరిచేసుకున్నాడు, అడక్కుండానే. మోకాలు తుంటి కంటే కాస్త కిందికి. మామూలు బీటే, నాలుగు మాత్రలు. నేను వంటింట్లో మా మేనకోడలితో మాట్లాడుతున్నట్టు నటిస్తూ కుడి చెవి అటు పెట్టాను. ఎనిమిది బార్లు బాగానే వెళ్ళింది. తొమ్మిదో దాంట్లో పరుగెత్తాడు.

"తొందరెందుకురా!" అని అరిచాను.

వాళ్ళమ్మ ఉలిక్కిపడింది. వాడు ఆపి, మళ్ళీ మొదట్నుంచి ఎత్తుకున్నాడు.